1893 న్యూజిలాండ్: ఓటు, నల్ల జెర్సీ, ఒక వలస రాజ్యపు ఏడాది (తరచుగా అడిగే ప్రశ్నలు)

మహిళలకు ఓటు ఎక్కడ మొదలైందన్న మాట వస్తే ఎవరో ఒకరు న్యూజిలాండ్ పేరు చెబుతారు. ఆ వెంటనే సందేహాలు మొదలవుతాయి. అంత చిన్న దేశంలో, అంత తొందరగా ఎలా? రగ్బీ ఆడేవాళ్ళు నల్లబట్టలు ఎందుకు వేసుకుంటారు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే ఏడాదిలో ఉంది. అడిగినవాళ్ళందరికీ మళ్ళీ మళ్ళీ రాసే బదులు ఆ ఏడాది సంగతులన్నీ ఇక్కడ పెడుతున్నాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే పూర్తిగా ఉంటుంది కాబట్టి కావలసిన చోట చదువుకోవచ్చు.

## మొదట తేల్చుకోవలసినవి

1893నే ఎందుకు పట్టుకున్నారు?

ఆ పన్నెండు నెలల్లో న్యూజిలాండ్‌లో ఒక ప్రీమియర్ పోయి మరొకరు వచ్చారు, పెద్ద ఎస్టేట్ ఒకటి ప్రభుత్వం చేతికి వచ్చింది, దేశం పేరుతో అధికారిక రగ్బీ జట్టు మొదటిసారి ఓడ ఎక్కింది, మహిళలు ఓటు వేశారు, ఒక ఊరికి మహిళ మేయర్ అయింది. వీటిలో ఏదీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. జెర్సీ రంగైనా ఓటు హక్కైనా ఎవరో ఒక గదిలో లేచి నిలబడి తీర్మానం పెడితే, మిగతావాళ్ళు చేతులెత్తితే వచ్చినవే. సభ, చందా, చిట్టా, మినిట్సు పుస్తకం: ఆ ఏడాదిని నడిపించినవి ఇవేనని నా అభిప్రాయం. వీరగాథలు కోరుకునేవారికి కాస్త చప్పగా అనిపించవచ్చు.

అప్పటికి న్యూజిలాండ్ స్వతంత్ర దేశమా?

కాదు. విక్టోరియా రాణి పాలనలోని బ్రిటిష్ వలస రాజ్యం. అయితే ఇంటి వ్యవహారాలు తానే చూసుకునే స్వపరిపాలన ఉంది. లండన్ నుంచి వచ్చిన గవర్నరు, ఎన్నికైన ప్రతినిధుల సభ, నియమితులతో నిండిన శాసన మండలి ఉండేవి. ప్రభుత్వాధినేతను ప్రీమియర్ అనేవారు. 1893లో గవర్నరు గ్లాస్గో ప్రభువు. ‘డొమినియన్’ అన్న హోదా 1907లో గానీ రాలేదు.

జనాభా ఎంత ఉండేది?

1891 జనాభా లెక్కల్లో మావోరీలు (ఆ దీవుల మూలవాసులు) కాక దాదాపు 6 లక్షల 26 వేల మంది. మావోరీలు దాదాపు 42 వేలు. ఇప్పుడు మన దగ్గర చాలా జిల్లాల్లో ఒక్కో దానిలోనే ఇంతకంటే ఎక్కువ జనం ఉంటారు. ఈ అంకె గుర్తుంటే వేలల్లో ఉన్న సంతకాలూ ఓట్లూ ఎంత పెద్దవో అర్థమవుతుంది.

## ఏడాది మొదటి సగం

ప్రీమియర్ మధ్యలో మారారట కదా, ఎలా?

లిబరల్ పార్టీ నాయకుడు జాన్ బాలెన్స్ చాలా నెలలుగా జబ్బుతో ఉండి ఏప్రిల్ 27న కన్నుమూశారు. ఆయన మహిళల ఓటును సమర్థించిన మనిషి. ఆయన స్థానంలోకి వచ్చిన రిచర్డ్ సెడన్ లాంకషైర్‌లో పుట్టి, బంగారు గనుల వేటలో వచ్చి, దక్షిణ దీవి పశ్చిమ తీరంలో సారా దుకాణం నడిపినవాడు. భారీ మనిషి, గొంతూ భారీదే. మహిళల ఓటంటే ఆయనకు కిట్టదు. మద్యం వ్యాపారుల కష్టసుఖాలు ఆయనకు సొంత ఇంటి సంగతులు. మే 1న పదవి చేపట్టిన ఆ ప్రభుత్వం ద్వారానే నాలుగున్నర నెలల్లో మహిళలకు ఓటు రావడం ఈ కథలోని చమత్కారం. 1906లో చనిపోయేదాకా సెడన్ ప్రీమియర్‌గానే ఉన్నారు.

చెవియట్ ఎస్టేట్ గొడవ ఏమిటి?

ఉత్తర కాంటర్‌బరీలో దాదాపు 84 వేల ఎకరాల గొర్రెల మేత భూమి అది. 1891లో వచ్చిన కొత్త భూమి పన్ను కోసం అధికారులు దానికి విలువ కట్టారు. అంత విలువ లేదని ఎస్టేట్ ధర్మకర్తలు పేచీ పెట్టారు. చట్టంలో ఒక మెలిక ఉంది: యజమాని చెప్పిన విలువకు ప్రభుత్వం ఒప్పుకోనైనా ఒప్పుకోవాలి, లేదా ఆ ధరకు భూమిని కొనుక్కోవాలి. ప్రభుత్వం కొనేసింది. దాదాపు 2 లక్షల 60 వేల పౌండ్లు. దాన్ని ముక్కలు చేసి చిన్న రైతులకు ఇచ్చింది. భూముల మంత్రి జాన్ మెకెంజీ స్కాట్లాండ్‌లో భూస్వాములు కౌలుదార్లను వెళ్ళగొట్టడం చూసి పెరిగినవాడు. ఆయనకు ఇది పన్ను లెక్క ఒక్కటే కాదు.

‘మావోరీ పార్లమెంటు’ అంటే వేరే పార్లమెంటా?

అవును, రాజధాని వెల్లింగ్టన్‌లోని ప్రభుత్వం గుర్తించనిది. తే కొటహితంగ అనే ఐక్యతా ఉద్యమం 1892 నుంచి తన సొంత సభను సమావేశపరిచేది. 1893 మే నెలలో హాక్స్ బే ప్రాంతంలోని వైపటులో జరిగిన సమావేశంలో మేరీ తే తాయ్ మంగకాహియా అనే యువతి మాట్లాడింది. ఆ సభకు ముందటి ఏడాది ప్రీమియర్‌గా ఎన్నికైన హమియోరా మంగకాహియా ఆమె భర్త. మావోరీ స్త్రీలకు ఆ సభ సభ్యులను ఎన్నుకునే హక్కు ఉండాలంది. అక్కడితో ఆగకుండా సభ్యులుగా కూర్చునే హక్కూ అడిగింది. ఆమె వాదం భూమి చుట్టూ తిరిగింది: భర్త పోయినవాళ్ళున్నారు, పెళ్ళి కానివాళ్ళున్నారు, భూమి వాళ్ళ పేరునే ఉంది, దాని గురించి మాట్లాడే హక్కు మాత్రం వాళ్ళకు లేదు. వెల్లింగ్టన్ పార్లమెంటుకు ఓటు కోసం ఉద్యమం నడుపుతున్నవారు ఆ ఏడాది ఓటుతో సరిపెట్టుకుంటే, ఈమె సభ్యత్వం దాకా వెళ్ళింది. కొటహితంగలో మహిళలకు ఓటు 1897లో వచ్చింది.

## మైదానంలో

ఆడుకోవడానికి, చూడడానికి జనానికి తీరిక ఎక్కడిది?

చట్టమే ఇచ్చింది. 1892లో వచ్చిన దుకాణాల చట్టం గుమాస్తాలకు వారానికి ఒక పూట సెలవు తప్పనిసరి చేసింది. పనివాళ్ళకు ఎనిమిది గంటల దినం అన్న నినాదం 1840లో వెల్లింగ్టన్ వడ్రంగి శామ్యూల్ పార్నెల్ నాటి నుంచీ ఉన్నదే. మధ్యాహ్నం షట్టరు దించేస్తే ఆ పూట మైదానం నిండుతుంది. ఇంకో మాట: అక్కడ చలికాలం జూన్ నుంచి ఆగస్టు దాకా. రగ్బీ ఆ బురదలో, క్రికెట్ డిసెంబరు, ఫిబ్రవరి ఎండల్లో. మన క్యాలెండరుతో చదివితే తికమక పడతారు.

నల్ల జెర్సీ ఎవరి ఆలోచన?

థామస్ ఎలిసన్ ప్రతిపాదన. న్యూజిలాండ్ రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ 1892లో పుట్టింది. 1893లో వెల్లింగ్టన్‌లో జరిగిన దాని మొదటి వార్షిక సమావేశంలో ఎలిసన్ తీర్మానం పెట్టాడు: నల్ల టోపీ, తెల్ల ఫెర్న్ ఆకు ఉన్న నల్ల జెర్సీ, మోకాళ్ళ దాకా తెల్ల నిక్కరు, నల్ల మేజోళ్ళు. గమనించండి, నిక్కరు తెలుపు! ఒళ్ళంతా నలుపు తర్వాత వచ్చింది. న్యూజిలాండ్ రగ్బీ జట్టుకు ‘ఆల్ బ్లాక్స్’ అన్న పేరు 1905 బ్రిటన్ పర్యటనలో గానీ స్థిరపడలేదు. 1884లో ఆస్ట్రేలియా వెళ్ళిన జట్టు ముదురు నీలం వేసుకుంది.

నలుపు ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఎలిసన్ జీవితం చూస్తే తెలుస్తుంది. అతను దక్షిణ దీవిలోని ఒటాకౌలో పుట్టిన మావోరీ, ఙై తహు తెగ. 1888, 89లో జో వార్‌బ్రిక్ కూడగట్టిన ‘నేటివ్స్’ జట్టులో ఆడాడు. అందులో ఎక్కువమంది మావోరీలే. ఆ జట్టు నల్లబట్టలతో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తిరిగి 107 మ్యాచ్‌లు ఆడింది. నూట ఏడు! దాదాపు పధ్నాలుగు నెలలు. ఇప్పటి ఆటగాళ్ళు వింటేనే మోకాళ్ళు పట్టుకుంటారు. ఆ జట్టు బట్టలనే దేశపు బట్టలుగా చేయమని ఎలిసన్ అడిగినట్టు లెక్క. ఈ రోజు ప్రపంచం గుర్తుపట్టే ఆ దుస్తుల వెనుక ఒక మావోరీ న్యాయవాది తీర్మానం ఉంది. అవును, అతను వృత్తికి న్యాయవాది కూడా.

1893 పర్యటన ఎలా సాగింది?

యూనియన్ పంపిన మొదటి అధికారిక జట్టు అది, కెప్టెన్ ఎలిసన్. న్యూ సౌత్ వేల్స్‌లో, క్వీన్స్‌లాండ్‌లో ఆడింది. ఒక్క మ్యాచ్ మాత్రం సిడ్నీలో న్యూ సౌత్ వేల్స్ చేతిలో ఓడి, మిగతావన్నీ గెలిచింది. ‘వింగ్ ఫార్వర్డ్’ అనే స్థానానికి మెరుగులు దిద్దినవాడిగా కూడా ఎలిసన్‌ను చెబుతారు. ఈ ఆటగాడు స్క్రమ్‌లోకి (రెండు జట్లవాళ్ళూ తలలు వంచి ఒకరినొకరు నెట్టుకునే గుంపులోకి) బంతి వేసి, అందులోంచి వెనక్కి వచ్చే బంతిని అందుకునే తన వైపు హాఫ్‌బ్యాక్‌కు అడ్డుగోడలా నిలబడతాడు. ఎదుటి జట్టుకు ఒళ్ళుమండే ఏర్పాటు. ఇది మోసమా, తెలివా అన్న వాదన ఆ తర్వాత దశాబ్దాలపాటు నడిచింది.

ఆ జట్టులో దేశమంతా ఉన్నట్టేనా?

లేదు. కాంటర్‌బరీ, ఒటాగో, సౌత్‌లాండ్ యూనియన్లు కొత్త సంస్థలో చేరలేదు. వెల్లింగ్టన్ పెత్తనం తమకెందుకన్నది వారి పట్టుదల. కాబట్టి దక్షిణ దీవిలోని పెద్ద రగ్బీ కేంద్రాల ఆటగాళ్ళు లేకుండానే ‘న్యూజిలాండ్’ జట్టు వెళ్ళింది. క్రీడా సంఘాల తగాదాలు మనకు మాత్రమే సొంతమని అనుకునేవారికి ఇది ఊరట.

క్రికెట్ ఆడేవారు కాదా?

ఆడేవారు, కానీ రాష్ట్రాల స్థాయిలో. దేశం పేరుతో మొదటి మ్యాచ్ 1894 ఫిబ్రవరిలో క్రైస్ట్‌చర్చ్ లాంకాస్టర్ పార్కులో జరిగింది. ప్రత్యర్థి న్యూ సౌత్ వేల్స్. న్యూజిలాండ్ ఓడింది. క్రికెట్ కౌన్సిల్ ఆ ఏడాది చివర్లో ఏర్పడింది.

గుర్రప్పందేల మీద నిషేధం ఉండేదా?

లేదు. 1881 చట్టం ప్రకారం లైసెన్సు తీసుకున్న క్లబ్బులు టోటలైజేటర్ నడుపుకోవచ్చు. అందరి పందెం డబ్బూ ఒకచోట పోగుచేసి, క్లబ్బు వాటా తీసి, మిగిలింది గెలిచినవారికి పంచే పద్ధతి అది. అప్పట్లో లెక్కలన్నీ చేతితోనే. తనంతట తాను లెక్కలు కట్టే యంత్రం 1913లో ఆక్లండ్ ఎల్లర్స్‌లీలో వచ్చింది.

ఆడవాళ్ళు ఆటలు ఆడేవారా?

టెన్నిస్, గోల్ఫ్ ఆడేవారు. అసలు కలకలం సైకిలుతో వచ్చింది. 1892లో క్రైస్ట్‌చర్చ్‌లో ‘అటలాంటా’ అనే మహిళా సైకిల్ క్లబ్బు మొదలైంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో అదే మొదటిది. ఓటు ఉద్యమ నాయకురాలు కేట్ షెపర్డ్ అందులో సభ్యురాలు. నేల ఊడ్చే గౌనుతో సైకిలు తొక్కితే గుడ్డ చక్రంలో చిక్కుకుంటుంది. నిక్కరు లాంటి బట్టలు వేసుకుంటే వీధిలో ఎగతాళి. క్లబ్బులోనే ఈ విషయం మీద చీలికలు వచ్చాయి. రగ్బీ సంగతి వేరు: 1891లో ఆక్లండ్‌లో నీటా వెబ్ అనే మహిళ ఆడవాళ్ళ జట్టును పర్యటనకు తయారు చేయబోతే పత్రికలు విరుచుకుపడ్డాయి. ఆ ప్రయత్నం అక్కడే ఆగింది. ఓటు ఇవ్వడానికి మెల్లగా సిద్ధపడుతున్న సమాజం కూడా స్క్రమ్ దగ్గర కళ్ళు మూసుకుంది.

## ఓటు గెలిచిన విధం

మద్యానికీ మహిళల ఓటుకూ సంబంధం ఏమిటి?

దూబగుంట పేరు తెలిసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్ళో మొదలైన సారా వ్యతిరేక పోరాటంతో ఆంధ్రప్రదేశ్‌లో 1993లో సారాను నిషేధించారు. సరిగ్గా నూరేళ్ళ ముందు న్యూజిలాండ్‌లోనూ కూలి డబ్బు పబ్బులో పోతుంటే ఇల్లు గడవని ఆడవాళ్ళే ముందు కదిలారు. 1885లో అక్కడ మొదలైన మహిళా క్రైస్తవ మద్యనిషేధ సంఘం ఉపన్యాసాలతో లాభం లేదని, చట్టసభను మార్చాలంటే ఓటు కావాలని తేల్చుకుంది. 1887లో సంఘంలోని ఓటు హక్కు విభాగం కేట్ షెపర్డ్ చేతికి వచ్చింది. మద్యం వ్యాపారులు కూడా అదే లెక్క వేసుకుని ఎదురు నిలిచారు. అయితే ఉద్యమమంతా మద్యం గురించే అనుకోవడం పొరపాటు. డునెడిన్‌లో హ్యారియెట్ మోరిసన్ నాయకత్వంలోని కుట్టుపని మహిళల సంఘం కూలి, పని గంటల కోసం ఓటు అడిగింది.

చీపురు కర్రకు చుట్టిన వినతిపత్రం కథ నిజమేనా?

నిజమే. 1891లో 9 వేలకు పైగా సంతకాలు, 1892లో దాదాపు 20 వేలు, 1893లో దాదాపు 32 వేలు. అంటే వయసు వచ్చిన యూరోపియన్ స్త్రీలలో ఇంచుమించు నాలుగో వంతు. వాహనాలు లేని దారుల్లో ఇల్లిల్లూ తిరిగి సేకరించినవి అవి. ఊరూరి నుంచి టపాలో వచ్చిన కాగితాలను షెపర్డ్ క్రైస్ట్‌చర్చ్‌లోని తన ఇంట్లో ఒకదాని కింద ఒకటి జిగురుతో అతికించి, చీపురు కర్ర ముక్కకు చుట్టింది. 500కు పైగా కాగితాలు, విప్పితే 270 మీటర్లకు పైనే. మాజీ ప్రీమియర్ జాన్ హాల్ దాన్ని సభకు తెచ్చి, నడవలో దొర్లించి విప్పారు. సంతకం పక్కన చిరునామా గడి. కొన్ని చోట్ల వీధి పేరు, కొన్ని చోట్ల ఊరి పేరు మాత్రమే. కొందరు మగవాళ్ళ సంతకాలూ అందులో ఉన్నాయి.

శాసన మండలిలో 20–18తో నెగ్గిందట, ఎవరు అటు నుంచి ఇటు వచ్చారు?

ప్రతినిధుల సభ బిల్లును ఆమోదించింది. అసలు పరీక్ష మండలిలో. బిల్లు అక్కడ చస్తుందని సెడన్ ధీమాగా ఉన్నారు. నెగ్గేలా కనిపించేసరికి తన పార్టీకి చెందిన థామస్ కెల్లీ అనే సభ్యుడికి తంతి పంపి ఓటు మార్చుకోమన్నారు. ఈ సంగతి బయటపడింది. మహిళల ఓటును అంతదాకా వ్యతిరేకిస్తున్న విలియం రేనాల్డ్స్, ఎడ్వర్డ్ స్టీవెన్స్ అనే ఇద్దరు ప్రతిపక్ష సభ్యులకు ప్రీమియర్ జోక్యం మండింది. సెడన్‌కు బుద్ధి చెప్పాలని బిల్లుకు అనుకూలంగా ఓటు వేశారు. సెప్టెంబరు 8న 20 మంది అటు, 18 మంది ఇటు. ఏళ్ళ తరబడి తిరిగి సేకరించిన సంతకాలు గడప దాకా తెచ్చాయి. గడప దాటించింది మాత్రం ఇద్దరి కోపం. సెప్టెంబరు 19న గవర్నరు సంతకం చేశారు.

తెల్ల కామెల్లియా పువ్వు సంగతేమిటి?

అక్కడ చలికాలం చివర్లో విరివిగా పూచే పువ్వు. ఓటుకు అనుకూలమైన సభ్యుల కోటుకు తెల్లది పెట్టారు. వ్యతిరేకులు ఎర్రది పెట్టుకున్నారు.

## నవంబరు 28

చట్టం వచ్చిన పది వారాల్లోనే ఎన్నికలా? పేర్లెలా నమోదు చేశారు?

సంతకాల కోసం తిరిగిన ఆ కాళ్ళతోనే. ఏ వీధిలో ఎవరున్నారో మద్యనిషేధ సంఘం కార్యకర్తలకు తెలుసు. నమోదు కాగితాలు పట్టుకుని అవే గుమ్మాలు మళ్ళీ ఎక్కారు. ఓటర్ల జాబితాలు మూసేనాటికి 1,09,461 మంది మహిళల పేర్లు చేరాయి. అర్హులైన స్త్రీలలో ఇది 84 శాతం దాకా వస్తుంది. వినతిపత్రం వల్ల వచ్చిన అసలు లాభం ఇదేనని నాకనిపిస్తుంది. సభ్యుల మనసులు కరిగినా కరగకపోయినా, అది తిరుగు లేని ఇంటింటి జాబితా.

ఓటు ఎలా వేసేవారు?

రహస్య ఓటు 1870 నుంచే ఉంది. కాగితం మీద అభ్యర్థుల పేర్లు ఉంటాయి. కావలసినవారి పక్కన గుర్తు పెట్టడం కాదు, అక్కర్లేని పేర్లను గీత గీసి కొట్టేయాలి. ఆక్లండ్, వెల్లింగ్టన్, క్రైస్ట్‌చర్చ్, డునెడిన్ నగరాలకు ముగ్గురేసి సభ్యులు కాబట్టి అక్కడ ముగ్గురి పేర్లు మిగల్చవచ్చు.

ఎంతమంది వచ్చారు? గొడవలు జరిగాయా?

90,290 మంది మహిళలు ఓటు వేశారు. నమోదైనవారిలో 82 శాతానికి పైనే. మగవాళ్ళలో దాదాపు 70 శాతం. పోలింగు కేంద్రాల్లో తోపులాటలు జరుగుతాయని, మర్యాదస్తులైన స్త్రీలు నలిగిపోతారని బెదిరించినవారి జోస్యం ఫలించలేదు. రోజు ప్రశాంతంగా గడిచింది. సెడన్ లిబరల్ పార్టీ పెద్ద మెజారిటీతో గెలిచింది. ఓటు వద్దన్న మనిషికే ఆ ఓట్లు కూడా లాభించాయి!

అందరు మహిళలకూ వచ్చిందా? మావోరీలు, చైనీయులు?

మావోరీ మహిళలకు కూడా వచ్చింది. వారు ప్రత్యేకంగా కేటాయించిన నాలుగు మావోరీ స్థానాలకు డిసెంబరు 20న ఓటు వేశారు. అక్కడ ఓటర్ల జాబితా లేదు, రహస్య ఓటూ లేదు. అందుకే 1,09,461లోనూ 90,290లోనూ వారి లెక్క ఉండదు. మావోరీ స్థానాలకు రహస్య ఓటు 1937 దాకా రాలేదు. పౌరసత్వం పొందని విదేశీయులకు హక్కు లేదు. చైనా నుంచి వచ్చినవారిపై 1881 నుంచే తలకు 10 పౌండ్ల పన్ను ఉంది, 1896లో దాన్ని 100 పౌండ్లు చేశారు. ఆ ఏడాదిని పొగిడేటప్పుడు ఈ వరుసలు వదిలేయడం అలవాటైపోయింది.

మహిళలు పోటీ కూడా చేయవచ్చా?

పార్లమెంటుకు కాదు. ఆ హక్కు 1919లో వచ్చింది. మొదటి మహిళా సభ్యురాలు ఎలిజబెత్ మెక్‌కోంబ్స్ 1933లో గెలిచింది. ఓటుకూ కుర్చీకీ మధ్య 40 ఏళ్ళు.

మరి అదే వారంలో మహిళ మేయర్ అయిందంటారే?

అది పురపాలక ఎన్నిక, దాని చట్టం వేరు. నవంబరు 29న ఆక్లండ్ పక్కనున్న ఒనెహుంగా పట్టణ మేయర్‌గా ఎలిజబెత్ యేట్స్ గెలిచింది. బ్రిటిష్ సామ్రాజ్యంలో అంతవరకు ఏ మహిళా మేయర్ కాలేదు. ఆమె భర్త అంతకుముందు అదే ఊరి మేయర్. ఫలితం రాగానే నలుగురు కౌన్సిలర్లు, పట్టణ గుమాస్తా రాజీనామా చేశారు. మిగిలినవారిలో కొందరు సమావేశాలను రచ్చ చేశారు. ఆమె ఊరి అప్పు తీర్చింది, రోడ్లు బాగు చేయించింది. ఏడాది తర్వాత ఓడిపోయింది.

## ఆ తర్వాత

ఓటు వచ్చాక మద్యనిషేధం వచ్చిందా?

దేశమంతా రాలేదు. 1893లోనే వచ్చిన మరో చట్టం ప్రకారం ఏ ప్రాంతంవారు ఆ ప్రాంతంలో ఓటు వేసి దుకాణాలను ఉంచడమో, తగ్గించడమో, మూసేయడమో తేల్చుకోవచ్చు. మూసేయాలంటే ఐదింట మూడు వంతుల మద్దతు కావాలి. 1894 ఓటింగులో ఒక్క క్లూథా ప్రాంతమే మూసేసింది. ఆ మెలిక సెడన్ ప్రభుత్వానిదే.

‘ప్రపంచంలో మొదటిది’ అనడం సరైనదేనా?

కాస్త జాగ్రత్తగా అనాలి. అమెరికాలో వయోమింగ్ ప్రాంతం 1869లోనే మహిళలకు ఓటు ఇచ్చింది, కానీ అది దేశం కాదు. స్వపరిపాలన ఉన్న దేశాల్లో పార్లమెంటు ఎన్నికలకు మహిళలందరికీ ఓటు ఇచ్చినది న్యూజిలాండే మొదట. పక్కనున్న సౌత్ ఆస్ట్రేలియా చట్టసభ 1894 చివర్లో ఓటుతోపాటు పోటీ చేసే హక్కునూ ఆమోదించింది.

మన ప్రాంతంలో మహిళలకు ఓటు ఎప్పుడు వచ్చింది?

కోస్తా, రాయలసీమ అప్పట్లో ఉన్న మద్రాసు రాష్ట్రంలో 1921లో. అదీ ఆస్తి వంటి అర్హతలున్న కొద్దిమందికే. పెద్దవాళ్ళందరికీ ఓటు రాజ్యాంగం ద్వారా, 1951–52 ఎన్నికలతో.

ఆ వినతిపత్రాన్ని ఇప్పుడు చూడవచ్చా?

చూడవచ్చు. వెల్లింగ్టన్ జాతీయ గ్రంథాలయంలో, వెలుతురు తగ్గించిన గదిలో అద్దం వెనుక ఉంది. అందులోని పేర్లను ఇంటర్నెట్‌లో వెతుక్కునే వీలుంది. ముత్తవ్వ పేరు దొరికిందని మురిసిపోయే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఆ ఏడాది ఇచ్చిన అనేక పత్రాల్లో మిగిలింది ఈ పెద్దది ఒక్కటే. అంత దూరం వెళ్ళలేనివారు న్యూజిలాండ్‌లో ఉన్న బంధువులెవరినైనా పది డాలర్ల నోటు తీసి చూపించమనండి. కేట్ షెపర్డ్ బొమ్మ ఉంటుంది, పక్కనే తెల్ల కామెల్లియా.